ఆకలి లేదన్న అతిథి



ఈ వారం వీడియోలో తైత్తిరీయోపనిషత్తు శిక్షావల్లిలో పదకొండో అనువాకం చూశాం కదా. చదువు పూర్తిచేసుకుని ఇంటికి బయల్దేరుతున్న శిష్యుడికి గురువు చెప్పే చివరి పాఠం అది. తల్లిని, తండ్రిని, గురువుని, అతిథిని దైవంగా చూడమని చెప్పేది అక్కడే. అతిథి గురించి వీడియోలో రెండు ముక్కలు చెప్పి ముందుకెళ్లిపోయాను. టైమ్ సరిపోలేదన్నది సగం నిజం. ఆ మాట విషయంలో నేనే ఒకసారి దారుణంగా ఫెయిలయ్యాను, అది కెమెరా ముందు చెప్పడానికి నోరు రాలేదు. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

మాది సూర్యాపేట. ఉద్యోగం హైదరాబాద్‌లో. మా టీమ్‌లో నా పక్క సీట్లో కూర్చునే మిత్రుడు ముస్లిం, వాళ్ల ఇల్లు మెహదీపట్నం వైపు. పోయిన సంక్రాంతి సెలవుల్లో వాళ్ల అమ్మానాన్నలతో సహా మా వైపు తిప్పి చూపిస్తానని నేనే పట్టుబట్టి తీసుకెళ్లాను. విజయవాడ హైవే మీద మూడు గంటల లోపే సూర్యాపేట. అక్కడికి దగ్గర్లోనే పిల్లలమర్రి, కాకతీయుల కాలం నాటి శివాలయాలు. ఇంత అందమైన చోటు మన పక్కనే ఉండి మనమే చూడం అని దారంతా ఊదరగొట్టాను. పొద్దున పిల్లలమర్రి హడావిడిగా చూశాం. తర్వాత ఇంకో గుడి. మధ్యాహ్నం కోదాడ రోడ్డు మీద ఒక దాబాలో భోజనం. వాళ్లు ముస్లింలు కాబట్టి జాగ్రత్తగా ఉండాలని అందరికీ వెజ్ మీల్స్ ఆర్డర్ చేసి, నేనెంత ఆలోచనపరుణ్నో అని లోపల మురిసిపోయాను కూడా.

ఆంటీ తినలేదు. "ఆకలి లేదు బేటా, పొద్దున ఎక్కువ తిన్న" అన్నారు. ఒక అరటిపండు, టీ. అంతకుముందు గుళ్లో పులిహోర ప్రసాదం చేతిలో పెడితే రెండు చేతులతో తీసుకుని, కొంగులో కట్టుకున్నట్టు పట్టుకుని కారెక్కారు. నేను గమనించాను. పెద్దావిడ కదా, తర్వాత తింటారులే అనుకున్నాను.

రాత్రి పదకొండింటికి ఫోనొచ్చింది. ఆవిడకి షుగర్. టాబ్లెట్ వేసుకుని రోజంతా సరిగ్గా తినకపోవడంతో ఇంటికెళ్లాక కళ్లు తిరిగి పడిపోయారు. చక్కెర నీళ్లు పట్టించాక తేరుకున్నారు. "ఇప్పుడు బాగానే ఉంది, టెన్షన్ పడకు" అన్నాడు మిత్రుడు. తర్వాత మెల్లగా అసలు సంగతి చెప్పాడు. ఆ దాబాలో పక్క హాలు బార్. ఒకే కిచెన్, ఒకే నూనె మూకుళ్లు. అక్కడ ఏ గరిటె దేన్లో పెడుతున్నారో తెలీక ఆవిడకి ముద్ద దిగలేదు. ఇక ప్రసాదం సంగతి. దేవుడికి నైవేద్యం పెట్టిన పదార్థం తినడం తమ ధర్మానికి సరిపడదని చాలామంది ముస్లింలు నమ్ముతారు, ఆవిడా అంతే. వద్దంటే నేను బాధపడతానని తీసుకున్నారు. పారేస్తే తప్పని దారిలో ఒక ఆవుకి పెట్టించారట.

కఠోపనిషత్తు మనం రెండు నెలల కింద మొదలుపెట్టాం, గుర్తుంది కదా. నచికేతుడు యముడి ఇంటికి వెళ్తాడు. యముడు ఊళ్లో లేడు. పిల్లాడు మూడు రాత్రులు ఏమీ తినకుండా గుమ్మం దగ్గరే ఉంటాడు. యముడు తిరిగి రాగానే ఇంట్లోవాళ్లు కంగారుగా చెప్పే మాట ఏంటంటే, అతిథి అగ్నిలా ఇంట్లోకి వస్తాడు, ముందు నీళ్లు తెచ్చి శాంతింపజెయ్యి అని. అతిథి పస్తుంటే ఆ ఇంటి పుణ్యం, ఆశలు, సంతానం, పశువులు అన్నీ పోతాయని కూడా అంటారు. అందరి ప్రాణాలూ తీసే యముడు ఒక చిన్న పిల్లాడికి దణ్ణం పెట్టి, మూడు రాత్రులకీ మూడు వరాలు ఇస్తాడు.

ఆ కథ చదివిన ప్రతిసారీ మనం మూడో వరం మీదికి పరిగెత్తుతాం, ఎందుకంటే వేదాంతమంతా అక్కడుంది. ఆ ఫోన్ తర్వాత నాకు మాత్రం గుమ్మం దగ్గరే ఆగాలనిపించింది. కథలో నచికేతుడు అన్నం పెట్టమని అడిగినట్టు ఎక్కడా లేదు. అడగలేదు కాబట్టి మా తప్పేం లేదని యముడూ అనలేదు. ఇంట్లో లేనివాడే అంత భయపడితే, రోజంతా అదే కార్లో ముందు సీట్లో కూర్చున్న నా సంగతేంటి?

ఇక్కడ మీలో కొందరికి ఒకటి గుచ్చుకుంటుందని తెలుసు. ప్రసాదం తినకపోవడమేంటి, అది మన దేవుణ్ని తక్కువ చేసినట్టు కాదా అని. నాకూ మొదట ఒక క్షణం అలాగే అనిపించింది, దాచడం ఎందుకు. కానీ నా సంగతే చూసుకున్నాను. రెండేళ్ల కింద నేను అయ్యప్ప మాల వేసుకున్నప్పుడు 41 రోజులు బయట మంచినీళ్లు కూడా ముట్టలేదు. సొంత మేనత్త ఇంటికెళ్లి కూడా తినకుండా వచ్చాను. ఆవిణ్ని తక్కువ చేశానా? లేదు, నా నియమం నాది. ఆ మండలంలోనే ఒకసారి ఈ మిత్రుడి ఇంటికి పని మీద వెళ్తే, ఇదే ఆంటీ తొక్క తీయని కమలాపండ్లు, కొట్టని కొబ్బరిబోండం, పక్కన కత్తి పెట్టి, "మా గిన్నెలు ఏవీ తగల్లేదు బేటా" అన్నారు. ఆవిడ మా నియమం అడిగి తెలుసుకున్నారు. నేను ఆవిడది అడగలేదు. ఏడాది తేడాలో జరిగినవి ఈ రెండూ.

శిక్షావల్లిలో అదే అనువాకంలో, అతిథి మాట వచ్చిన కొద్దిసేపటికే, ఇవ్వడం గురించి వరసగా చెప్తాడు గురువు. శ్రద్ధతో ఇవ్వు, అశ్రద్ధగా ఇవ్వకు, ఉన్నంతలో ఇవ్వు, సిగ్గుపడుతూ ఇవ్వు, భయంతో ఇవ్వు అని. చివరి మాట 'సంవిత్'. తెలిసి ఇవ్వడం, ఎరుకతో ఇవ్వడం. దీనికి స్నేహభావంతో ఇవ్వడమని కూడా పెద్దలు అర్థం చెప్తారు. ఆ దాబాలో నా దగ్గర శ్రద్ధ ఉంది, డబ్బుంది, ప్రేమ కూడా ఉంది. లేనిది ఈ చివరిదే.

వారం తర్వాత పళ్లు తీసుకుని చూడ్డానికి వెళ్లాను. క్షమాపణ చెప్తే ఆంటీ అస్సలు వినలేదు, మాట మార్చేశారు. అంకుల్ మాత్రం లోపల్నుంచి ఒక కాగితాల కట్ట తెచ్చి చూపించారు. వాళ్లిద్దరూ అంతకుముందు ఏడాది చైనాలో షియాన్ నగరానికి గ్రూప్ టూర్ వెళ్లొచ్చారు. 'ముస్లిం ఫ్రెండ్లీ' టూర్ అంటారట. ఆ షెడ్యూల్ చదువుతుంటే మా రిలీజ్ ప్లాన్లు సిగ్గుపడాలి. ఏ రోజు ఏ హోటల్లో భోజనం, ఆ వంటిల్లు హలాలా కాదా, మధ్యాహ్నం జుహర్ నమాజుకి బస్సు ఎక్కడ ఆగుతుంది, రూమ్‌లో ఖిబ్లా ఏ వైపు, శుక్రవారం ఏ మసీదుకి తీసుకెళ్తారు, అన్నీ ఉన్నాయి. 1974లో బావి తవ్వుతుంటే రైతులకి బయటపడిన మట్టి సైన్యం, నగరం చుట్టూ కోటగోడ, పాత మసీదు, అన్నీ ఆ నమాజు వేళల మధ్యన అమర్చారు.

షియాన్ మసీదు ఫోటోలు చూసి నేను గుడి అనుకున్నాను. గుమ్మటం లేదు. పెంకుల కప్పులు, ఒకదాని వెనక ఒకటి ముంగిళ్లు, మధ్యలో చెక్క మంటపాలు. మూలం టాంగ్ వంశం నాటిది, 742వ సంవత్సరమని సంప్రదాయం చెప్తుంది. ఇప్పుడు నిలిచున్న కట్టడాలు ఎక్కువగా మింగ్, చింగ్ వంశాల కాలానివి. చైనాలో గుళ్లు మామూలుగా ఉత్తర దక్షిణాలుగా కడతారు. ఇది తూర్పు పడమరలుగా ఉంటుంది, ఎందుకంటే అక్కణ్నుంచి మక్కా పడమటి దిక్కు. అక్కడి హుయ్ ముస్లింలు హలాల్‌ని 'చింగ్‌జెన్' అంటారు. శుద్ధం, సత్యం అని ఆ రెండక్షరాల అర్థం. హోటల్ బోర్డు మీద ఆ రెండక్షరాలు కనిపిస్తే చాలు, ఆంటీ ధైర్యంగా తిన్నారట. వేల కిలోమీటర్ల దూరంలో, భాష తెలీని దేశంలో కడుపునిండా తిన్న మనిషి, మా కోదాడ రోడ్డు మీద పస్తున్నారు.

చిన్న పక్కదారి. అదే షియాన్, అప్పటి పేరు ఛాంగాన్, నుంచే హ్యూయెన్‌త్సాంగ్ మన దేశానికి వచ్చాడు. మన కృష్ణా తీరంలోని ధాన్యకటకం దాకా వచ్చి వెళ్లాడు. 645లో తిరిగి చేరాక, తెచ్చిన గ్రంథాల కోసం 652లో అక్కడ ఒక పగోడా కట్టించారు. అంకుల్ దాని ముందు నిలబడి దిగిన ఫోటో నాకు చూపిస్తూ, "మీవాళ్ల పుస్తకాలేనంట ఇండ్ల" అన్నారు.

ఇదంతా వాళ్ల మతంవాళ్ల ప్రత్యేక కోరికలా అనిపిస్తే, మన సంగతి ఒకసారి చూడండి. సూర్యాపేట నుంచి కాశీకి వెళ్లే యాత్ర బస్సు వెనకాల ఏముంటుంది? బియ్యం బస్తాలు, గ్యాస్ సిలిండర్, వంట మాస్టర్. ఏనుగుల వీరాస్వామి గారు 1830లో చెన్నపట్నం నుంచి పెద్ద పరివారంతో కాశీకి బయల్దేరి, 1831లో తిరిగొచ్చారు, ఆయన రాసిన యాత్రాచరిత్ర చూడండి. ప్రతి మజిలీలోనూ నీళ్లు ఎలా ఉన్నాయి, అంగళ్లున్నాయా, బ్రాహ్మణ ఇళ్లున్నాయా, దిగడానికి చోటుందా అని రాసుకుంటూ పోతారు. ఆయన అవసరానికి అదే 'ఫ్రెండ్లీ' టూర్ గైడు. ఇక చైనా అంటారా, మన కైలాసం ఉన్నది చైనా పాలనలోని టిబెట్‌లోనే. 2020 నుంచి ఆగిపోయిన మానససరోవర యాత్ర 2025లో మళ్లీ మొదలైంది. నేపాల్ మీదుగా వెళ్లే బృందాలతో నేపాలీ వంటవాళ్లు వస్తారు, శాకాహారం వండిపెట్టడానికి. ఆ ఏర్పాటు లేకపోతే మన పెద్దవాళ్లలో ఎంతమంది వెళ్లగలరు?

రెండోసారి కార్తీకంలో వెళ్లాం, ఒక ఆదివారం. ఈసారి ముందు మిత్రుడి దగ్గర కూర్చుని అడిగాను. అడగడానికి మొహమాటంగానే అనిపించింది కానీ, తెలీకుండా ప్లాన్ చేస్తే ఏమవుతుందో తెలిసింది కదా. నమాజు వేళలు ఎక్కడెక్కడ పడతాయి, వజూకి నీళ్లు, ఆడవాళ్లకి కాస్త చాటు ఉండే చోటు కావాలని రాసుకున్నాను. దూరప్రయాణంలో నాలుగు రకాతుల నమాజుని రెండుకి తగ్గించుకునే వీలుందని అతనే చెప్పాడు. ప్రయాణికుడి కష్టం వాళ్ల ధర్మమూ చూసిందన్నమాట. మా వైపు నుంచి ఖిబ్లా పడమర, కొంచెం ఉత్తరానికి వాలి. గుళ్ల గురించి కూడా ముందే అడిగాను. శిల్పం చూడ్డానికి వస్తాం, పూజ జరిగే చోట బయట ఉంటాం అన్నారు. సరే అన్నాను. అంత తేలిక.

మధ్యాహ్నం భోజనం, జుహర్ రెండూ కోదాడలో మా చిన్నమ్మ ఇంట్లో అనుకున్నాం. ఫోన్ చేసి భయపడుతూనే చెప్పాను. చిన్నమ్మ నాలుగు ప్రశ్నలడిగింది. "మనింట్ల తింటరా?" తింటారు. "కార్తీకం కదరా, కూర లేదు." అదే మంచిది. "నైవేద్యం పెట్టిన అన్నం తినరంటివి, మరి దేవునికి పెట్టకుండ నేనెట్ల వండాలె?" దీనికి నా దగ్గర జవాబు లేదు. "సరే, నేను జూస్కుంట" అని పెట్టేసింది.

పిల్లలమర్రి ఈసారి తీరిగ్గా చూశాం. రేచర్ల రెడ్ల కాలంలో, 1208లో ఎరకసానమ్మ కట్టించిన ఎరకేశ్వరాలయం దగ్గరే గంట కూర్చున్నాం. నల్లరాతి స్తంభాల నునుపు మీద అంకుల్ చెయ్యి వేసి తీయలేదు. ఆయన సివిల్ కాంట్రాక్టరుగా పనిచేసి రిటైరయ్యారు. రాయికి ఆ పాలిష్ ఎట్లా వచ్చిందన్నదే ఆయన గోల. ఒక ఆడమనిషి కట్టించిందంటే ఆంటీ పేరు రెండుసార్లు చెప్పించుకున్నారు.

కోదాడ చేరేసరికి పన్నెండున్నర. చిన్నమ్మ ముందుగది కడిగి, ఉతికిన కొత్త దుప్పటి పరిచి ఉంచింది. పడమటి గోడకి ఎప్పుడూ ఉండే లక్ష్మీదేవి క్యాలెండర్ లేదు, తూర్పు గోడకి మారింది. బొమ్మకి ఎదురుగా నిలబడి వాళ్లు నమాజు చెయ్యరని నేను చిన్నమ్మకి చెప్పనేలేదు. ఎవర్నడిగి తెలుసుకుందో. నేను గోడ వైపు చూస్తుంటే, "క్యాలెండర్ ఏ గోడకున్నా తారీఖు అదే గదరా" అంది. భోజనంలోకి టమాట పప్పు, చిక్కుడుకాయ కూర, పచ్చిపులుసు, పెరుగు, ఆంటీ షుగర్‌కి జొన్నరొట్టెలు. నైవేద్యం సంగతి గుసగుసగా అడిగితే, "దేవునికి బెల్లం ముక్క, అరటిపండు విడిగ పెట్టిన. వంట ముట్టలే. ఆయనకు తెల్వదా ఇంటికి సుట్టాలొచ్చిన్రని" అంది.

నేనేమో ఉపనిషత్తు మీద వీడియోలు చేస్తాను. చిన్నమ్మ ఏడో తరగతి.

ఆముక్తమాల్యదలో విష్ణుచిత్తుడి ఇంటి వంట గురించి చదివినవాళ్లకి ఇది కొత్తేం కాదు. కృష్ణదేవరాయలు ఆ భక్తుడి గొప్పతనం చెప్పడానికి ఆయన చేసిన తపస్సు మీద కన్నా, వానాకాలంలో అతిథులకి ఏం వండాడు, ఎండాకాలంలో ఏం పెట్టాడు, చలికాలంలో ఏం వడ్డించాడు అన్నదాని మీదే మనసు పెట్టాడు. ఆంటీ ఆ రోజు మూడు రొట్టెలు తిన్నారు. నేను లెక్కపెట్టాను.

హుజూర్‌నగర్ మీదుగా జాన్‌పహాడ్ దర్గాకి వెళ్లాం. మా వైపు బడిలో ప్రతి తరగతిలో ఇద్దరు సైదులు, ఒక సైదమ్మ ఉంటారు, అందరూ హిందువుల పిల్లలే. ఆ పేర్లు ఈ సైదులు దర్గా మొక్కులే. జనవరిలో ఉర్సుకి లంబాడీ తండాల నుంచి, మా ఊళ్ల నుంచి జనం బండ్లు కట్టుకుని పోతారు. కందూరు చేస్తారు. మేకని ముల్లాతో హలాల్ చేయించి, అక్కడే వండి, పంచుకుని తింటారు. మా నాయనమ్మ నన్నెత్తుకుని వెళ్లిందట. ముస్లిం అతిథికి మాంసం పెట్టాలంటే ఏం చెయ్యాలో ఆవిడకి ఎప్పట్నుంచో తెలుసు. మా తరం మర్చిపోయి ఇప్పుడు కాగితాల్లో చదువుకుంటోంది.

ఇక్కడ కూడా నాకో చిన్న పాఠం. దర్గా అంటే ముస్లింలందరికీ ఇష్టమే అనుకుని దీన్ని సర్‌ప్రైజ్‌లా దాచిపెట్టాను. అంకుల్ నవ్వి, "మేం దర్గాలల్ల మొక్కం బేటా. కానీ సలాం చెప్పి, ఆయన కోసం దువా చేసి పోతం" అన్నారు. వాళ్లలోనే దీని మీద వేర్వేరు అభిప్రాయాలున్నాయని నాకు తెలీదు. మనలో శైవులు, వైష్ణవులు, గుడికే వెళ్లనివాళ్లు ఉన్నట్టే. అంకుల్ దువా చేసుకున్నారు. నేను మా నాయనమ్మ లెక్కన దణ్ణం పెట్టుకున్నాను. అసర్ అక్కడే అయింది.

చివరికి వాడపల్లి. మిర్యాలగూడ వైపు, మూసీ వచ్చి కృష్ణలో కలిసే చోటు. కార్తీకం కాబట్టి ఒడ్డున దీపాలు, స్నానాలు, జనం. నేను మీనాక్షీ అగస్త్యేశ్వరుణ్ని దర్శించుకుని వచ్చేదాకా వాళ్లు రేవు పైన కూర్చున్నారు. లోపల ఏముందని ఆంటీ అడిగితే స్థలపురాణం చెప్పాను. ఒక బోయవాడు పిట్టని తరుముకొస్తే, అది వచ్చి శివలింగం వెనక దాక్కుంది. శరణన్నదాన్ని ఇవ్వనన్నాడు శివుడు. మరి నా ఆకలి సంగతేంటి అన్నాడు బోయవాడు. అప్పుడు శివుడు తన తల నుంచే మాంసం తీసుకోమన్నాడు. వాడు పది వేళ్లతో తీసుకున్నాడు. లింగం మీద ఆ వేళ్ల గుర్తులు ఇప్పటికీ చూపిస్తారు. గాయం కడగడానికి గంగ వచ్చిందని, ఆ గుంటలో నీళ్లు ఎంత తీసినా తరగవని చెప్తారు.

ఎన్నోసార్లు విన్న కథే. ఆ రోజు చెప్తుంటే మాత్రం, శివుడు ఆ బోయవాడికి పండో ఫలమో పెట్టి సరిపుచ్చలేదన్న సంగతి మొదటిసారి తట్టింది. వాడు తినేది మాంసం. పిట్టనీ వదులుకోలేదు, వాడి తిండినీ మార్చమనలేదు. ఖర్చు తన మీద వేసుకున్నాడు.

ఆంటీ కాసేపు నీళ్ల వైపు చూసి, "పిట్ట బతికిందా?" అన్నారు.

"బతికింది ఆంటీ."

"ఆకలైనోడు తిన్నడు, పిట్ట బతికింది" అని తలూపి, మగ్రిబ్ వేళ అవుతోందని లేచారు. రేవుకి కాస్త ఎడంగా, తాటిచెట్ల వైపు చదునుగా ఉన్న చోట చాప వేశాం. వాళ్ల వెనక గుళ్లో గంట మోగుతోంది. ఎవరూ ఏమీ అనలేదు. దీపాలమ్మే ఒకావిడ మాత్రం తన బుట్ట కొంచెం పక్కకి జరుపుకుని దారిచ్చింది.

మిర్యాలగూడలో టీ తాగుతూ ఆంటీ నన్నొక మాటడిగారు, మీ అమ్మ కైలాసం పోతానంటుందట కదా అని. మిత్రుడు చెప్పి ఉంటాడు. అవునన్నాను, అక్కడి చలి, తిండి తలుచుకుని నాన్న వద్దంటున్నారని కూడా. మర్నాడు వాట్సాప్‌లో అమ్మకి ఆవిడ వాయిస్ మెసేజ్ వచ్చింది, ఆరు నిమిషాలు. చైనా టూర్లో తనతో ఏం తీసుకెళ్లారో, ఏది పనికొచ్చిందో, ఫ్లాస్కు ఎంత పెద్దది కావాలో, అన్నీ ఉన్నాయి. మధ్యలో, "నువ్వు ఉల్లిపాయ తింటవా తినవా, ముందు అది చెప్పు అక్కా, అప్పుడు మిగతాది చెప్త" అని ఆగారు.

అమ్మ ఇంకా జవాబు రికార్డు చెయ్యడం నేర్చుకుంటోంది.